జీన్ టాడా, బెన్ సులాయెమా: ఎఫ్‌ఐఏ పీఠానికి ఎవరు మేలు?

2025 డిసెంబరు 12న తాష్కెంట్‌లో మొహమ్మద్ బెన్ సులాయెమ్ పోటీ లేకుండా రెండోసారి ప్రపంచ మోటారు క్రీడల పాలక సంస్థ ఎఫ్‌ఐఏకు అధ్యక్షుడయ్యారు. అప్పటి నుంచి ఫార్ములా వన్ చూసే పరిచయస్థులు నన్ను అడుగుతున్నది ఒకటే ప్రశ్న: ఆయనకు ముందు అధ్యక్షుడు జీన్ టాడ్ ఉన్న రోజులే నయం కదా? అడిగే తీరులోనే వాళ్లకు కావలసిన జవాబు కూడా ఉంటుంది. ఒకరిద్దరు మాత్రం అటు నుంచి నరుక్కొస్తారు. పన్నెండేళ్లు కూర్చుని టాడ్ ఏం వెలగబెట్టారు, కనీసం ఈయన నోరు విప్పి మాట్లాడుతున్నారు కదా అంటారు. రెండు వాదనల్లోనూ పస ఉంది. కానీ ఇద్దరూ తూస్తున్నది మనిషి స్వభావాన్ని. ఒకాయన గుంభనంగా ఉంటారు, ఇంకొకాయన మైకు కనిపిస్తే ఆగరు. దీన్ని బట్టి మంచిచెడ్డలు తేల్చలేం.

అభిమానుల కోపంతో కొలిచినా తేలదు. ఆ కుర్చీలో కూర్చున్న ఎవరినీ అభిమానులు నెత్తిన పెట్టుకున్న దాఖలా లేదు. 1989లో జపాన్‌లోని సుజుకా రేసులో బ్రెజిల్ డ్రైవర్ సెన్నాను అనర్హుడిగా ప్రకటించినందుకు నాటి అధ్యక్షుడు జీన్ మేరీ బాలెస్ట్రెను సెన్నా అభిమానులు నేటికీ క్షమించలేదు. బాలెస్ట్రె తరువాత వచ్చిన మ్యాక్స్ మోస్లీది ఇంకా విచిత్రమైన ఖాతా. 1994లో సెన్నా ప్రాణం తీసిన ఇమోలా విషాదం తరువాత భద్రతను సమూలంగా మార్చింది ఆయనే. వాణిజ్య హక్కులను వందేళ్లకు ధారాదత్తం చేసిందీ, 2007లో మెక్‌లారెన్‌కు 10 కోట్ల డాలర్ల జరిమానా వేసిందీ ఆయన హయాములోనే. మంచి లాయరు, అంతకు మించిన వ్యూహకర్త. పోలిక టాడ్, బెన్ సులాయెమ్‌ల మధ్యే కనుక మోస్లీని ఇక్కడితో వదిలేస్తున్నాను, ఒక్క విషయానికి మాత్రం మళ్లీ పిలుస్తాను.

నా లెక్కలో తీర్పు చెప్పేది ఒకే ఒక్క అంశం. నియమం ముందు పుట్టి ఆలోచన తరువాత మొదలైందా, ఆలోచన ముగిశాక నియమం వచ్చిందా? అందరూ వ్యతిరేకించే నిర్ణయం తీసుకున్నప్పుడే ఈ తేడా బయటపడుతుంది. ఇద్దరి హయాముల్లోనూ అలాంటివి చెరొకటి ఉన్నాయి కాబట్టి పోలిక సులువు.

టాడ్‌ది హేలో, అంటే కారులో డ్రైవర్ తల చుట్టూ బిగించే రక్షణ చట్రం. 2014 అక్టోబరులో సుజుకా వానలో డ్రైవర్ జూల్స్ బియాంకి కారు, పక్కకు తప్పిన ఇంకో కారును తీస్తున్న క్రేన్ వాహనాన్ని ఢీకొంది. తొమ్మిది నెలలు కోమాలో ఉండి 2015 జులైలో చనిపోయాడు. పసుపు జెండాల కింద వేగాన్ని అదుపు చేసే వర్చువల్ సేఫ్టీ కార్‌ను 2015 సీజనుకే తెచ్చారు. హేలో విషయంలో మాత్రం తొందరపడలేదు. 2016 ఆరంభంలో బార్సిలోనాలో ఫెరారీ దాన్ని తొలిసారి కారుకు బిగించి నడిపింది. గాలి అద్దం లాంటి ప్రత్యామ్నాయాలనూ పరీక్షించారు. పాత ప్రమాదాలను ఒక్కొక్కటిగా తిరగేసి, ఈ చట్రం ఉండి ఉంటే ఏమయ్యేదో లెక్కగట్టారు. 2017 జులైలో నిర్ణయం ప్రకటించి 2018 నుంచి తప్పనిసరి చేశారు.

అప్పటి గోల గుర్తున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. చెప్పు పట్టీలా ఉందన్నారు, ఫార్ములా వన్ అందమంతా పోయిందన్నారు. మాజీ ప్రపంచ విజేత నికీ లాడా వ్యతిరేకించారు. మెర్సిడెస్ అధిపతి టోటో వోల్ఫ్ తన కొత్త కారు ఆవిష్కరణ నాడే, రంపం చేతికిస్తే దాన్ని కోసి పారేస్తానన్నారు. టాడ్ వాదించలేదు, వెనక్కీ తగ్గలేదు. ఆ ఏడాదే స్పాలో అలోన్సో కారు లెక్‌లెర్క్ తల మీదుగా ఎగిరింది, చక్రం గీతలు హేలో మీద మిగిలాయి. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో గ్రోజాన్ కారు రెండు ముక్కలై, కంచెలో దూరి, మంటల్లో చిక్కుకుంది. హేలోను మొదట్లో గట్టిగా వ్యతిరేకించిన డ్రైవర్లలో గ్రోజాన్ ఒకడు. కాలిన చేతులతో ఆసుపత్రి నుంచి తన మాట తానే వెనక్కి తీసుకున్నాడు. 2021 మోంజాలో వెర్‌స్టాపెన్ కారు చక్రం హామిల్టన్ తల మీదికి దిగింది. 2022 సిల్వర్‌స్టోన్‌లో జౌ గ్వాన్యూ తలకిందులుగా జారుకుంటూ వెళ్లాడు. రంపం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

బెన్ సులాయెమ్‌ది బూతుల మీద జరిమానా. అసలు ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. పిల్లలతో కూర్చుని టీవీ చూసే ఏ తెలుగు ఇంటి పెద్దనైనా అడగండి, అధ్యక్షుడి పక్షమే వహిస్తారు. చిక్కంతా అమలు చేసిన వరుసలో వచ్చింది. 2024 సెప్టెంబరులో సింగపూర్ విలేకరుల సమావేశంలో తన కారు గురించి ఒక మాట తూలినందుకు వెర్‌స్టాపెన్‌కు సమాజసేవ శిక్ష పడింది. ఆ తరువాతి సమావేశాల్లో అతను ముక్తసరిగా రెండు మాటలు చెప్పి, బయటికొచ్చి అవే ప్రశ్నలకు విలేకరులకు తీరిగ్గా జవాబులిచ్చాడు. నవంబరులో డ్రైవర్ల సంఘం బహిరంగ లేఖ రాసింది. మమ్మల్ని పెద్దవాళ్లలా చూడండి, జరిమానా డబ్బు ఎటు పోతోందో చెప్పండి అన్నది దాని సారాంశం. దానికి తగిన జవాబు రాకుండానే 2025 జనవరిలో జరిమానాల పట్టిక వచ్చిపడింది. మూల జరిమానా 10 వేల యూరోలు, ఫార్ములా వన్‌లో అయితే నాలుగింతలు. మూడోసారి దొరికితే నెల రోజుల నిషేధం, పాయింట్ల కోత.

ఫిబ్రవరిలో స్వీడన్ ర్యాలీలో అడ్రియెన్ ఫూర్మో దొరికిపోయాడు. ఎవరినో తిట్టినందుకు కాదు, తాను చేసిన పొరపాటును ఒక మొరటు మాటతో ఒప్పుకున్నందుకు! 10 వేల యూరోలు కట్టాల్సి వచ్చింది. మార్చిలో కెన్యా సఫారీ ర్యాలీలో డ్రైవర్లు ఒక్కో దశ ముగిశాక మైకు ముందు నోరు మెదపలేదు, కొందరు మాతృభాషలోనే మాట్లాడి వెళ్లిపోయారు. అప్పుడు పునరాలోచన మొదలైంది. మే నెలలో మూల జరిమానాను సగానికి తగ్గించారు. విలేకరుల సమావేశంలో కుర్చీలో కూర్చుని అనే మాటకూ, పోటీ వేడిలో నోరు జారిన మాటకూ తేడా ఉందని నిబంధనల్లో రాసుకున్నారు. ఆ తేడా జనవరిలో తెలియనిదా? డ్రైవర్లను కూర్చోబెట్టి ఒక్క పూట మాట్లాడి ఉంటే పట్టిక మొదటి రోజే అలా ఉండేది.

హేలోకు మూడేళ్లు పట్టింది, దాన్ని మార్చాల్సిన పని రాలేదు. జరిమానాల పట్టిక నాలుగు నెలలకే మారింది. ఇక్కడే నా మొగ్గు టాడ్ వైపు వెళ్లిపోయింది, దాచుకోవడం దేనికి.

జట్లు ఏడాదికి పెట్టే ఖర్చుకు పరిమితి విధించిన కథ కూడా ఇదే చెబుతుంది, మోస్లీని మళ్లీ పిలుస్తానన్నది అందుకే. 2009లో ఆయన 4 కోట్ల పౌండ్ల పరిమితిని పైనుంచి రుద్దబోతే జట్లు వేరు కుంపటి పెడతామన్నాయి. మళ్లీ పోటీ చేయనని ఆయన ఒప్పుకుంటే గానీ గొడవ చల్లారలేదు. అదే ఆలోచన టాడ్ కాలంలో బేరసారాలన్నీ ముగిసి, 2021లో 14.5 కోట్ల డాలర్ల పరిమితిగా అమల్లోకి వచ్చింది. ఏ జట్టూ తలుపు విసిరికొట్టి వెళ్లలేదు.

అయితే టాడ్ ఖాతాలో ఒక మచ్చను నేను ఎప్పటికీ చెరపలేను. 2019 ఫెరారీ ఇంజిను మీద అనుమానాలొచ్చాయి. 2020 ఫిబ్రవరిలో శీతాకాల పరీక్షలు ముగిసే చివరి ఘడియల్లో ఎఫ్‌ఐఏ ఒక ప్రకటన విడుదల చేసింది. ఫెరారీతో ఒప్పందం కుదిరిందని, వివరాలు గోప్యమని. అనుమానం ఉంది, నిరూపించలేకపోయాం అనే ధోరణి. ఫెరారీ ఇంజిన్లు వాడని ఏడు జట్లూ ఏకమై నిరసన తెలిపాయి. ఫెరారీని ఏళ్ల తరబడి నడిపిన మనిషి అధ్యక్షుడిగా ఉండగా ఫెరారీ దస్త్రానికే తాళం పడితే ఎవరికి అనుమానం రాదు? తన మౌనం ఎంత ఖరీదైందో ఆయన గ్రహించినట్టు కనబడలేదు.

ఇదే పరీక్షలో బెన్ సులాయెమ్ మెరుగ్గా నిలబడ్డారు. 2021 ఖర్చు పరిమితి దాటిన రెడ్‌బుల్ జట్టు విషయంలో 2022లో ఎంత దాటారో, ఎందుకు దాటారో వివరంగా బయటపెట్టి, 70 లక్షల డాలర్ల జరిమానాతో పాటు కారు డిజైను కోసం చేసే గాలి సొరంగ పరీక్షల సమయంలో 10 శాతం కోత వేశారు. శిక్ష చాలదని అరిచినవాళ్లున్నారు, కానీ దేనికి అరుస్తున్నారో వాళ్లకు తెలుసు. అదే ఏడాది సుజుకాలో కార్లు తిరుగుతుండగానే ట్రాక్ మీదికి ట్రాక్టరు వచ్చి డ్రైవర్ గాస్లీ మండిపడినప్పుడు కూడా విచారణ నివేదికను అదే నెలలో ప్రచురించారు.

చివరి ల్యాపు నిర్ణయంతో టైటిల్ తేలి వివాదమైన అబూదబీ 2021 రేసు సంగతి కూడా న్యాయంగా చూడాలి. బెన్ సులాయెమ్ ఎన్నికైంది ఆ రేసు జరిగిన ఐదు రోజులకే, డిసెంబరు 17న. ఆ నిర్ణయం తీసుకున్న రేసు డైరెక్టరు మైకేల్ మాసీ మీద మోయలేనంత బరువు మోపిన ఏర్పాటు టాడ్ కాలం నాటిది. 2019 సీజను ముంగిట్లో అంతకుముందు రేసు డైరెక్టరు చార్లీ వైటింగ్ హఠాత్తుగా చనిపోతే, ఆయన ఒక్కడే చూసుకున్న పనులన్నీ మాసీ నెత్తిన పడ్డాయి. జట్టు అధిపతులు రేసు మధ్యలో రేడియోలో ఆయనతో బేరాలాడటం, దాన్ని ప్రపంచమంతా వినోదంగా వినడం కూడా అప్పటి అలవాటే. కొత్త అధ్యక్షుడు రెండు నెలల్లో మాసీని తప్పించారు, ఆ రేడియో తంతును ఆపించారు, రేసు డైరెక్టరుకు వెనక నుంచి సాయపడే దూర కేంద్రాన్ని ఏర్పాటు చేయించారు. ముందు విచారణ, తరువాత మార్పు. వరుస సరిగ్గా ఉంది. ఆ బెన్ సులాయెమ్ ఏమైపోయారా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

పదకొండో జట్టు ఘనత కూడా ఆయనదే. 2023 అక్టోబరులో ఎఫ్‌ఐఏ అమెరికా జట్టు ఆండ్రెటీ దరఖాస్తును ఆమోదిస్తే, ఫార్ములా వన్ వాణిజ్య హక్కుదారులు 2024 జనవరిలో కాదు పొమ్మన్నారు. చివరికి అది జనరల్ మోటార్స్ అండతో కాడిలాక్ పేరుతో 2026కు ఖాయమైంది. మొదటి నుంచీ ఆయన మాట మీదే నిలబడ్డారు.

డ్రైవర్‌గా పనిచేసినవాడు అధ్యక్షుడైతే డ్రైవర్ల బాధ తెలుస్తుందనే వాదన 2009లో గట్టిగా వినిపించింది. 1981 ప్రపంచ ర్యాలీ విజేత అరీ వాటనెన్ 49 ఓట్లకు పరిమితమై, 135 ఓట్లతో టాడ్ గెలిచినప్పుడు చాలామంది అభిమానులు నిట్టూర్చారు. బెన్ సులాయెమ్ 14 సార్లు మధ్యప్రాచ్య ర్యాలీ విజేత. డ్రైవర్లతో అందరికంటే ఎక్కువ తగువులు పడింది ఆయనే. టాడ్ ర్యాలీల్లో పక్క సీట్లో కూర్చుని దారి చదివి చెప్పిన మనిషి. దీనికి ఏదో అర్థం ఉందని నేను వాదించను గానీ, నవ్వు మాత్రం వస్తుంది.

మరి ఇంత వ్యతిరేకత ఉన్నాయన పోటీ లేకుండా ఎలా గెలిచారు? ఓటు అభిమానులది కాదు, డ్రైవర్లది కాదు, జట్లదీ కాదు. దేశదేశాల మోటార్ క్లబ్బులది. మన దేశంలో క్రీడ తరఫున ఆ సభ్యత్వం చెన్నైలోని ఎఫ్‌ఎంఎస్‌సీఐది. చాలా క్లబ్బులకు ఫార్ములా వన్ కంటే రోడ్డు భద్రత, దారిలో ఆగిన బండికి సాయం, స్థానిక ర్యాలీలకు నిధులు ముఖ్యం. అధ్యక్షుడు తమ ఊరికి వచ్చి పలకరించడం ఇంకా ముఖ్యం. పైగా పోటీదారు తన జాబితాలో ఎఫ్‌ఐఏ విభజించిన ప్రతి ప్రాంతం నుంచీ ఉపాధ్యక్షులను చూపాలి, అదీ ప్రపంచ మోటారు క్రీడా మండలికి నామినేషన్ వేసినవారిలోంచే. దక్షిణ అమెరికా నుంచి ఈసారి అర్హత ఉన్నది ఫాబియానా ఎకిల్‌స్టోన్ ఒక్కరికే, ఆమె అధ్యక్షుడి జాబితాలో ఉన్నారు. పోటీకి దిగబోయిన టిమ్ మేయర్ ప్రచారం అక్కడే ఆగిపోయింది. టాడ్ అభిమానులు ఇక్కడ మరీ విర్రవీగనక్కర్లేదు. 2013లోనూ 2017లోనూ ఆయన కూడా పోటీ లేకుండానే గెలిచారు.

మన వైపు నుంచి ఇంకో ప్రశ్న తరచూ వస్తుంది. హైదరాబాద్‌కు వచ్చిన ఫార్ములా ఈ ఎవరి పుణ్యం? విద్యుత్ కార్ల పోటీని ప్రోత్సహించి 2014లో మొదలుపెట్టించింది టాడ్. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున వెర్న్ గెలిచినప్పుడు అధ్యక్షుడు బెన్ సులాయెమ్. 2024 పోటీ రద్దు కావడం మన రాజకీయాల కథ, దాన్ని ఎఫ్‌ఐఏ ఖాతాలో రాయలేం.

2026 ఇంజిన్ల నియమాలను 2022 ఆగస్టులో ఆమోదించింది బెన్ సులాయెమ్ హయాములోనే. శక్తిలో దాదాపు సగం విద్యుత్తు నుంచి రావాలన్న ఆ నియమాలను చూసే ఆడి వచ్చింది, వెళ్లిపోతానన్న హోండా ఆగింది. ఆ ఇంజిన్లు ఒక్క రేసైనా నడవకముందే, 2025లో ఆయన మళ్లీ వీ10, అంటే పెద్ద శబ్దం చేసే పాతకాలపు పది సిలిండర్ల ఇంజిన్లు అన్నారు. తయారీదారులు తలూపకపోయేసరికి ఎనిమిది సిలిండర్ల వీ8 అన్నారు, ఈ దశాబ్దం చివరికి తెస్తామన్నారు. ఆ శబ్దం అంటే నాకూ చెవి కోసుకునేంత ఇష్టం, స్టాండ్లలో అభిమానులు కూడా చప్పట్లే కొడతారు. ఈసారి తయారీదారులను ముందుగా కూర్చోబెట్టి, ఖర్చు లెక్కలు తేల్చి, ఆ తరువాత నియమం రాస్తే టాడ్ వైపున్న నా ఓటును మార్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. రెండో పదవీకాలం 2029 దాకా ఉంది.