స్కాట్లాండ్ విడిపోవాలంటే ఏ కారణం గట్టిది: చమురా, యూరపా, ఓటా?

స్కాట్లాండ్ పేరు వార్తల్లో వచ్చిన ప్రతిసారీ ఇంటి నుంచి ఒకటే ప్రశ్న. మొన్న ఫోన్‌లో మా బాబాయి కూడా అదే అడిగాడు, "ఏరా, అక్కడ కూడా మన నీళ్లు, నిధులు, నియామకాల లాంటిదేనా?" అని. గ్లాస్గోలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను కాబట్టి నాకు తెలిసి ఉంటుందని అందరి నమ్మకం. ఒక్క ముక్కలో తేలే విషయం కాదని ఇన్నాళ్లూ దాటేస్తూ వచ్చాను. ఈసారి మాత్రం ఇక్కడివాళ్లు చెప్పే కారణాలను పక్కపక్కన పెట్టి, ఏది ఎంత బరువు మోస్తుందో నాకు అర్థమైనంతవరకు రాస్తున్నాను.

ముందుగా నా సంగతి చెప్పాలి. స్కాట్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని 2014 సెప్టెంబర్ 18న జరిగిన రిఫరెండంలో ఇండియన్ పాస్‌పోర్ట్‌తోనే ఓటేశాను. ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న కామన్వెల్త్ పౌరులకు, యూరోపియన్ యూనియన్ పౌరులకు, 16 ఏళ్లు నిండిన పిల్లలకు ఓటు ఇచ్చారు. ఇక్కడే పుట్టి లండన్‌లో స్థిరపడ్డవాళ్లకు మాత్రం ఇవ్వలేదు. నేను 'వద్దు' అన్నాను. ఆరోజు 55 శాతం మంది అదే అన్నారు, 45 శాతం మంది విడిపోదామన్నారు. ఇప్పుడు మళ్లీ పెడితే నా ఓటు 'కావాలి'కే. కాబట్టి కింద రాసేదంతా ఆ మొగ్గు ఉన్న మనిషి రాసిందని గుర్తుపెట్టుకుని చదవండి.

జాతి, రక్తం, కిల్టులు, బ్యాగ్‌పైపుల సంగతి త్వరగా తేల్చేస్తాను. ఆ అభిమానం ఉంది, లోతుగానే ఉంది. కానీ రక్తం మీద నడిచే ఉద్యమమైతే నాకు ఓటిచ్చి, గ్లాస్గోలో పుట్టి లండన్‌లో ఉంటున్న మనిషికి లేదంటారా? ఇక్కడ ఉండేవాళ్లే ఇక్కడి సంగతి తేల్చుకోవాలన్నదే ఆ రూల్ వెనక ఉన్న ఆలోచన.

చమురు కథ పెద్దది. 1970లలో ఉత్తర సముద్రంలో చమురు బయటపడ్డాక "ఇది స్కాట్లాండ్ చమురు" అని, విడిపోవాలనే స్కాటిష్ నేషనల్ పార్టీ ఊరూరా ప్రచారం చేసింది. 1974 అక్టోబర్ ఎన్నికల్లో వాళ్లకు 30 శాతం ఓట్లు, 11 సీట్లు వచ్చాయి. ఆ రోజుల్లోనే గావిన్ మెక్రోన్ అనే ప్రభుత్వ ఆర్థికవేత్త, ఈ చమురుతో స్వతంత్ర స్కాట్లాండ్ బాగా సంపన్నమవుతుందని ఒక రిపోర్ట్ రాసిచ్చాడు. అది జనానికి తెలిసింది 2005లో! ఇంచుమించు అంతే జనాభా ఉన్న నార్వే తన చమురు డబ్బును ఒక నిధిగా దాచుకుని ప్రపంచంలోనే పెద్ద నిధుల్లో ఒకటిగా పెంచుకుంది. అది చూసినప్పుడల్లా ఇక్కడి పెద్దవాళ్ల కడుపు మండుతుంది, అందులో న్యాయం ఉంది. కానీ అది జరిగిపోయిన అన్యాయం గురించిన బాధ. రేపటికి అదే ఆధారం అంటే నేను ఒప్పుకోలేను. 2014 ప్రచారంలో బ్యారెల్ 110 డాలర్లు ఉంటుందన్న లెక్క మీద ప్లాన్లు వేశారు, 2016 జనవరికల్లా అది 30 డాలర్ల కిందికి పడింది. ఇంకో మాట, చమురు నగరం అబెర్డీన్‌లో దాదాపు 59 శాతం మంది 'వద్దు' అన్నారు. 'కావాలి' గెలిచింది డండీలో, గ్లాస్గోలో, ఓడల యార్డులు, మిల్లులు మూతపడ్డ ఊళ్లలో. చమురే అసలు కారణమైతే ఈ మ్యాప్ తిరగబడి ఉండాలి.

యూరప్ సంగతి నాకు దగ్గరది, ఎందుకంటే 2014లో నన్ను 'వద్దు' వైపు లాగింది అదే. విడిపోతే యూరోపియన్ యూనియన్ నుంచి బయటపడతామని ఆ ప్రచారంలో పదేపదే భయపెట్టారు. రెండేళ్లు తిరక్కుండానే 2016 జూన్‌లో, యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని బ్రిటన్ అంతటా ఓటింగ్ పెట్టారు. స్కాట్లాండ్‌లో 62 శాతం మంది, మొత్తం 32 కౌన్సిల్ ప్రాంతాల్లోనూ, అందులో ఉందామన్నారు. అయినా బ్రిటన్ మొత్తం మీద 'వద్దు' గెలవడంతో బయటికి రావాల్సి వచ్చింది, దాన్నే బ్రెగ్జిట్ అంటారు. మా బిల్డింగ్‌లో ఉండే పోలండ్ కుటుంబం 2014లో మాతో పాటే లైన్లో నిలబడి ఓటేసింది. 2016లో, వాళ్ల బతుకు గురించే జరిగిన ఓటింగులో, వాళ్లకు ఓటు లేదు. ఆ రాత్రి వాళ్లింట్లో ఉన్న టెన్షన్ నేను దగ్గరుండి చూశాను.

అయినా యూరప్ ఒక్కటే సరిపోతుందా అంటే, కాదు. స్కాట్లాండ్ బయటికి అమ్మే వస్తువులు, సేవల్లో సుమారు 60 శాతం మిగతా బ్రిటన్‌కే వెళ్తాయి. మళ్లీ యూరప్‌లో చేరితే ఇంగ్లండ్ సరిహద్దులో చెకింగులు తప్పవు. విడిపోవాలనుకుంటూనే యూరప్ వద్దనేవాళ్లు కూడా నాకు తెలుసు.

ఇక ఓటు. మిగతా కారణాల వేళ్లన్నీ దీంట్లోనే ఉన్నాయన్నది నా అభిప్రాయం. స్కాట్లాండ్‌లో కన్జర్వేటివ్ పార్టీ అందరికంటే ఎక్కువ సీట్లు తెచ్చుకున్న సాధారణ ఎన్నిక 1955లోది, అదే చివరిది. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఇక్కడ పాలించింది వాళ్లే. తలకింత అని వసూలు చేసే పోల్ టాక్స్‌ను ఇంగ్లండ్ కంటే ఒక ఏడాది ముందు, 1989లో, ఇక్కడ మొదలుపెట్టారు. ఆ సంగతి ఇప్పటికీ పబ్బులో ఎత్తితే చాలు, గొంతులు మారిపోతాయి. 2015లో ఇక్కడి 59 సీట్లలో కన్జర్వేటివ్‌లకు వచ్చింది ఒకటే, లండన్‌లో పూర్తి మెజారిటీ ప్రభుత్వం మాత్రం వాళ్లదే. ఇప్పుడు పార్లమెంటులో 650 సీట్లకు స్కాట్లాండ్‌వి 57. అందరూ ఒకే పార్టీకి వేసినా ఇంగ్లండ్ ఇంకోలా అనుకుంటే అంతే సంగతి.

దీనికి ఎదురు వాదన ఉంది, తీసిపారేసేది కాదు. 1997లోనూ, 2024లోనూ స్కాట్లాండ్ ఎవరికి వేసిందో వాళ్లే లండన్‌లో గెలిచారు, ప్రధానిగా చేసిన గోర్డన్ బ్రౌన్ అయితే స్కాట్లాండ్ మనిషే. పైగా ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరం కూడా తను వేయని ప్రభుత్వాన్ని ఏళ్ల తరబడి భరించింది, అది విడిపోతానంటోందా అని అడుగుతారు. నిజమే, కానీ స్కాట్లాండ్ లాగా లివర్‌పూల్ 1707లో ఒక దేశంగా ఇంగ్లండ్‌తో కలిసే ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. దానికి సొంత న్యాయవ్యవస్థ, సొంత పార్లమెంటు లేవు.

ఆ సొంత పార్లమెంటు సంగతే నా మనసు మార్చింది. బ్రెగ్జిట్ చట్టానికి 2018 మేలో హోలీరూడ్ (ఇక్కడి స్కాటిష్ పార్లమెంటు) సమ్మతి ఇవ్వలేదు, 93కి 30 ఓట్లతో కాదంది. వెస్ట్‌మినిస్టర్ (లండన్ పార్లమెంటు) ఆగలేదు, చట్టం చేసేసింది. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును తిప్పి పంపినా ఢిల్లీలో ఆగలేదు కదా, చట్టపరంగా అలాంటిదే: అభిప్రాయం అడుగుతారు, అది వాళ్లను కట్టిపడెయ్యదు. తర్వాత 2022 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు, లండన్ ఒప్పుకోకుండా రిఫరెండం పెట్టే అధికారం హోలీరూడ్‌కి లేదని తేల్చింది. చట్టం ప్రకారం ఆ తీర్పు సరైందే కావచ్చు. కానీ ఇష్టపడి కలిసి ఉంటున్నామని చెప్పుకునే చోట, ఉంటావా వెళ్తావా అని జనాన్ని అడగడానికి కూడా పెద్దాయన పర్మిషన్ కావాలంటే, ఆ కలిసి ఉండటానికి అర్థం ఏమిటో నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

మిగతావి క్లుప్తంగా. ఫీజు లేని యూనివర్సిటీ చదువు, డబ్బు కట్టక్కర్లేని మందుల చీటీలు ఇప్పటికే ఇక్కడ ఉన్నాయి, కాబట్టి అవి విడిపోవడానికి కారణాలు కావు (మన దగ్గర నుంచి వచ్చే విద్యార్థులకు ఫీజు పూర్తిగా ఉంటుంది, ఆశపడకండి). గ్లాస్గోకి అంత దగ్గరలో ఫాస్లేన్ దగ్గర అణ్వాయుధాల సబ్‌మెరైన్లు ఉండటం చాలామందికి నచ్చదు, నాకూ నచ్చదు. మరిన్ని అధికారాలతో సరిపెట్టుకోవడం మధ్యేమార్గం, 2016 చట్టంతో ఆదాయపన్ను రేట్లు చేతికొచ్చాయి కూడా. కానీ ఇచ్చినవాళ్లే ఇంకో చట్టంతో వెనక్కి తీసుకోగలరు.

బాబాయికి చివరికి ఇదే చెప్పాను. నిధుల గొడవ ఇక్కడా ఉంది, కానీ అసలు తగవు నిర్ణయం ఎవరిదన్న దాని మీద, పైగా మనవాళ్లు దేశంలోనే ఉండి రాష్ట్రం అడిగారు, వీళ్లు దేశమే అడుగుతున్నారు. ఆయన వెంటనే, "మరి డబ్బులు ఏ కరెన్సీలో రా?" అన్నాడు. 2014లో పౌండు పంచుకోబోమని లండన్ తెగేసి చెప్పింది, దానికి గట్టి సమాధానం ఇప్పటిదాకా నేను వినలేదు. నా హౌస్ లోన్ ఇంకా 14 ఏళ్లు పౌండ్లలోనే కట్టాలి. ఆ భయం పెట్టుకునే 'కావాలి' అంటున్నాను.