మూడంగుళాల గొట్టంతో ఎనిమిదేళ్లు

నాది .32 రివాల్వర్. .32 అంటే తూటా లావు, అంగుళంలో దాదాపు మూడో వంతు. మన దేశంలో తయారైందే. గొట్టం మూడంగుళాలు, కచ్చితంగా అంటే 76 మిల్లీమీటర్లు. 2017లో లైసెన్స్ వచ్చింది, ఆ ఏడే కొన్నా. నెల్లూరు జిల్లా అల్లూరు పక్కన మాకు రొయ్యల చెరువులున్నాయి. అప్పట్లో పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, అయ్యాక రాత్రిపూట డబ్బు పట్టుకుని కావలి రోడ్డు మీద రావాల్సి వచ్చేది, అందుకోసం తీసుకున్నా. ఇన్నేళ్లలో దాన్ని మనిషి మీదికి ఎత్తే అవసరం ఒక్కసారి కూడా రాలేదు, రాకూడదు కూడా. నిజం చెప్పాలంటే గట్టు మీద నాకు ఎక్కువ పనికొచ్చినవి టార్చిలైటు, రెండు కుక్కలు. అయినా ఎనిమిదేళ్లు నడుముకి మోశాను కాబట్టి, "చిన్న గొట్టమైతే తూటాలో పస ఉండదంట గదా" అని అడిగేవాళ్ల కోసం నాకు తెలిసింది రాస్తున్నా.

కొనేటప్పుడే మా మామ అన్నారు, "అల్లుడూ, మూడంగుళాలది బొమ్మ తుపాకీ, కొంటే నాలుగంగుళాలది కొను" అని. ఆయన దగ్గర పాత విదేశీ రివాల్వర్ ఉంది, అదీ .32, గొట్టం నాలుగంగుళాలు. ఆ మాట నా బుర్రలో చాలాకాలం ఉండిపోయింది. దానికి తోడు ఇంటర్నెట్‌లో చదివిందంతా .357 మాగ్నమ్ గురించే. అది 1935లో వచ్చిన తూటా, అందులో పేలుడు మందు ఎక్కువ, ప్రెషర్ ఎక్కువ, పొడుగు గొట్టంలో మందు కాలేకొద్దీ తూటా వేగం అందుకుంటుంది. అదే తూటాని రెండంగుళాల గొట్టంలో పేలిస్తే గొట్టం బయట పెద్ద మంట లేస్తుంది, చెవులు గింగురుమంటాయి, వేగం బాగా పడిపోతుంది. ఆ లెక్క నిజమే. కానీ నా రివాల్వర్‌లో వేసేది ఆ తూటా కాదు. నాది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్, 1896 నాటిది, పెద్దమనిషి తూటా. అందులో మందు కొంచెమే, త్వరగా కాలిపోయే రకం, గొట్టం మొదట్లోనే పని చాలావరకు అయిపోతుంది. అందుకే ఒక అంగుళం కోసేసినా మాగ్నమ్‌కి జరిగినంత నష్టం దీనికి జరగదు.

ఇది నేను మామూలుగా అయితే నమ్మేవాణ్ని కాదు. హైదరాబాద్‌లో ఒక షూటింగ్ రేంజ్‌కి పోయినప్పుడు అక్కడి కోచ్ దగ్గర క్రోనోగ్రాఫ్ ఉంది, తూటా దాని మీదుగా పోతే వేగం చూపిస్తుంది. మామనీ బండెక్కించుకుని పోయా, ఎందుకంటే ఆయన తుపాకీ ఆయన లైసెన్స్ మీద ఉంది, నేను ఒక్కణ్నే వేసుకుని పోవడానికి లేదు. అక్కడే ఒక రిటైర్డ్ మిలిటరీ ఆయన రెండంగుళాల గొట్టమున్న .32తో ఉన్నారు, ఆయనా కలిశారు. ఒకే పెట్టెలోవి, 98 గ్రెయిన్ల (ఆరు గ్రాముల పైచిలుకు) సీసం తూటాలు, తలా ఆరు.

ఈ తూటాకి నాలుగంగుళాల గొట్టంలో సెకనుకు సుమారు 700 అడుగులు అని పుస్తకాల్లో రాస్తారు. నా మూడంగుళాలది 640కీ 680కీ మధ్య ఆడింది. రెండంగుళాలది 600 చిల్లర. ఇంతవరకు అనుకున్నట్టే. మామది 700 దాటుతుందని అందరం చూస్తున్నాం. 650 కూడా రాలేదు! ఒకటి మాత్రం 655 అని గుర్తు, మిగతావన్నీ దాని కిందే. ఆయన మొహం చూడాలి అప్పుడు. "మిషన్ తప్పు చూపిస్తా ఉంది" అన్నారు. కోచ్ నవ్వి, సిలిండర్‌కీ (తూటాలు కూర్చునే తిరిగే భాగం) గొట్టానికీ మధ్య ఉన్న సందులో లైటు వేసి చూపించాడు. రివాల్వర్‌లో తూటా సిలిండర్‌లోంచి గొట్టంలోకి దూకుతుంది, మధ్యలో వెంట్రుకంత సందు ఉంటుంది, మందు పొగలో కొంత ఆ సందులోంచే పక్కకి పోతుంది. కొత్త తుపాకీలో ఆ సందు 0.15 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇంటికొచ్చాక ట్రాక్టర్ మెకానిక్ దగ్గర వాల్వు క్లియరెన్స్ చూసే ఫీలర్ గేజ్ అడిగి తెచ్చి, ఖాళీ చేసి చూసుకున్నాం. నాది 0.15, మామది 0.3 దాటింది. గొట్టం లోపల గాడులు అరిగిపోవడం కూడా కొంత ఉండొచ్చు. మొత్తానికి అరిగిన నాలుగంగుళాలది బిగువైన మూడంగుళాలదాని కంటే నెమ్మదిగా కొట్టింది. ఇంకొకటి, నా తుపాకీలోనే ఒక తూటాకీ ఇంకో తూటాకీ 40 అడుగుల తేడా ఉంది. అంటే అంగుళం గొట్టంతో వచ్చే తేడా ఎంతో, పెట్టెలో పక్కపక్కన పడుకున్న తూటాల మధ్య తేడా అంత. పాత తుపాకీ కొనేవాళ్లు గొట్టం టేపు పెట్టి కొలిచే ముందు ఆ సందు కొలవండి.

ఇంకో తిరకాసు కూడా చెబుతా. పిస్టల్ గొట్టం కొలతలో తూటా కూర్చునే గది కూడా కలిసి ఉంటుంది, రివాల్వర్‌లో ఆ గది సిలిండర్‌లో ఉంటుంది కాబట్టి కొలతలోకి రాదు. అందుకే మూడంగుళాల రివాల్వర్‌నీ మూడంగుళాల పిస్టల్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. ఇది కొనే ముందు నాకు ఎవరూ చెప్పలేదు.

మరి చిన్న గొట్టంతో నష్టం లేదా అంటే ఉంది, కానీ వేగంలో కంటే గురిలోనే ఎక్కువ. గురి చూసే ముందు గుర్తుకీ వెనక గాడికీ మధ్య దూరం తగ్గేకొద్దీ చేతి వణుకు పెద్దదైపోతుంది. లెక్క సింపుల్. ఆ దూరం 100 మిల్లీమీటర్లు ఉంటే, గుర్తు ఒక్క మిల్లీమీటర్ పక్కకి జరిగినా పది మీటర్ల అవతల తూటా పది సెంటీమీటర్లు తప్పుతుంది. 150 ఉంటే ఆరున్నరే. ఆ రోజు రెండంగుళాలదాంతో నేను కాల్చినవి కాగితం మీద చూస్తే సంక్రాంతి ముగ్గు చుక్కల్లా ఉన్నాయి, అంత దూరం దూరంగా. పైగా తేలిక తుపాకీ కావడంతో ఎదురు తన్ను ఎక్కువ, పట్టుకోవడానికి చిటికెన వేలికి చోటే లేదు. దాని సిలిండర్ పక్కకి తెరుచుకునే రకం, గొట్టం పొట్టి కాబట్టి కాల్చాక మిగిలే ఇత్తడి కేసుల్ని నెట్టే కడ్డీ కూడా పొట్టిదే, రెండు కేసులు సగంలో ఆగిపోతే గోరుతో లాగాం. నాది నడుం విరిచినట్టు మధ్యకి వంగే పాత పద్ధతిది, వంచితే ఆరూ ఒక్కసారే పైకి లేస్తాయి. మోటుగా ఉంటుంది గానీ ఆ ఒక్క విషయంలో నాకు ఇష్టం. 2023 ఆగస్టులో కాన్పూర్ నుంచి వచ్చిన ప్రబల్ అనే రివాల్వర్‌లో పక్కకి తెరుచుకునే సిలిండర్ పెట్టారు, 50 మీటర్ల రేంజ్ అని ప్రకటించారు. దాని గొట్టం కూడా 76 మిల్లీమీటర్లే అని గమనించండి. నేను వాడలేదు కాబట్టి ఇంతకుమించి చెప్పను. నా చేత్తో అయితే పదిహేను మీటర్లు దాటితే కాగితానికి తగలడమే ఎక్కువ.

ఇక మోసుకు తిరగడం. ఇక్కడ మాత్రం మన నెల్లూరు వాతావరణమే అన్నీ నిర్ణయిస్తుంది. రోహిణి కార్తెలో బనీను కూడా బరువయ్యే చోట, 700 గ్రాముల ఇనుము నడుముకి కట్టుకుని తిరగడం ఎలా ఉంటుందో కొనే రోజు ఆలోచించలేదు. చెరువు మీద నేను ఉండేది లుంగీలో. మా ఆవిడ మొదటి రోజే అడిగింది, "లుంగీ మీద బెల్టు పెట్టుకుని పోతారా, మేత వేసే పిల్లోళ్లు నవ్వరూ?" అని. నవ్వారు కూడా. అందుకని ప్యాంటు వేసుకునే రోజే తీసుకెళ్లడం అలవాటైంది. చొక్కా బయటికి వదిలేసి, కుడి నడుముకి, పూర్తిగా కప్పి. బయట జనంలో ఎలాగూ కనిపించేలా పెట్టుకోకూడదు. బైకు మీద మూడంగుళాలది తొడకి ఆనదు, కారులో సీటు బెల్టుకి అడ్డం రాదు. మామ నాలుగంగుళాలది కారెక్కగానే తీసి ఒళ్లో పెట్టుకుంటారు, ఇక నడుముకి పెట్టుకోవడం దేనికో. రెండంగుళాలది జేబులో పడుతుంది నిజమే, కానీ ఆ సుఖం మోసేటప్పుడే.

మొదట తోలు పౌచ్ కొన్నా, చూడ్డానికి బాగుంది. ఒక్క వేసవికే చెమట పీల్చి, దానికి సముద్రపు గాలి తోడై, సిలిండర్ మీద తుప్పు చుక్కలు వచ్చాయి, అందులోనే వదిలేసిన తూటాల ఇత్తడికి ఆకుపచ్చగా చిలుం పట్టింది. తప్పు నాదే, తోలులో నిల్వ పెట్టకూడదు. ఇప్పుడు నైలాన్‌ది వాడుతున్నా, ఇంటికి రాగానే తీసి, గుడ్డతో తుడిచి, నూనె చుక్క వేసి బీరువాలో పెట్టి తాళం వేస్తా.

2024 ఎన్నికలప్పుడు అందరిలాగే స్టేషన్‌లో డిపాజిట్ చేశా. మార్చిలో ఇస్తే జూన్‌లో చేతికొచ్చింది. మొదటి వారం నడుం వెలితిగా అనిపించింది, తర్వాత మర్చిపోయా. డబ్బు కూడా ఇప్పుడు చాలావరకు ఫోన్‌లోనే పోతోంది కదా. అమ్మేద్దామా అని కూడా ఒకసారి అనుకున్నా, చెయ్యలేదు.

దీన్ని మార్చుకుని రెండంగుళాలది తీసుకుంటావా అంటే వద్దు. నాలుగంగుళాలదీ వద్దు. మామ మాత్రం ఇప్పటికీ ఆ మిషన్‌దే తప్పంటారు. వచ్చే నెల పట్టుబడి ఉంది, 40 కౌంట్, అంటే కిలోకి నలభై రొయ్యలు, వస్తుందని ఆశ. ఆలోపు చిలుం పట్టిన ఆరు తూటాలూ తీసుకెళ్లి షాపులో చూపించి, లైసెన్స్ మీద ఉన్న తూటాల కోటాలో కొత్తవి తెచ్చుకోవాలి.