పాండిచ్చేరిలో 899 ఫ్రెంచి భోజనం: సూప్‌కి సరే, చేప జోలికి పోవద్దు

పోయిన గురువారం నెల్లూరు నుంచి కార్లో పాండిచ్చేరి పోయాం, నేను, మా ఆవిడ, మా అమ్మ. వైట్ టౌన్‌లో ఒక ఫ్రెంచి బిస్ట్రోలో, అంటే చిన్న హోటల్లో, మధ్యాహ్నం ఆఫర్ భోజనం చేశాం. బిల్లు దగ్గర కాస్త గొడవైంది కాబట్టి పేరు రాయను.

ఆఫర్ ఏందంటే మనిషికి 899, ముందు ఒకటి, అసలు వంటకం ఒకటి, చివర్లో తీపి ఒకటి. మన మీల్స్ లాగా అన్నీ ఒకేసారి ముందుకి రావు, ఒకటి తిని ప్లేటు తీసేశాక ఇంకోటి తెస్తారు, ఆ మధ్యలో ఇరవై నిమిషాలు గోడలు చూస్తూ కూర్చోవాల. ఆకలి మీద పోతే చిరాకొస్తుంది.

ఉల్లిపాయ సూప్ మాత్రం నిజంగా బాగుంది. ఉల్లిపాయల్ని వెన్నలో సన్నసెగ మీద చాలాసేపు మగ్గించి, తేనెరంగు కూడా దాటి గోధుమరంగొచ్చాక రసం పోసి, పైన రొట్టెముక్క, దాని మీద చీజ్ పెట్టి కాలుస్తారు. స్పూను దించితే చీజ్ సాగుతూ వస్తుంది, కింద తియ్యటి ఉల్లి. అయితే ఒక సంగతి, ఫ్రాన్సులో ఈ సూప్‌ని మామూలుగా బీఫ్ ఎముకల రసంతో చేస్తారు. అడగండి. మేం అడిగితే కుర్రాడు లోపలికెళ్ళి కనుక్కొచ్చి ఇక్కడ చికెన్ రసం అన్నాడు. అది కూడా గురువారం నీచు ముట్టని మా ఆవిడకి కుదరదు, ఆమెకి సలాడ్, తర్వాత రాటటూయి. వంకాయ, టమోటా, క్యాప్సికం కలిపి ఆలివ్ నూనెలో మగ్గించిన కూర. ఉప్పు తప్ప ఏమీ తగల్లేదంది. నా చికెన్ పర్లేదు, పుట్టగొడుగుల క్రీమ్ సాసుతో.

అమ్మ చేప చెప్పింది. కోవూరు దగ్గర పుట్టి, మామిడికాయ వేసి పులుసు పెట్టి ఒక రాత్రి ఊరనిచ్చి మర్నాడు పొద్దున తినే మనిషికి చేప మీద నోరు కట్టుకోమంటే ఎట్లా. మ్యూనియేర్ అంట, అంటే పిండిమర ఆయన భార్య అని అర్థం, చేపకి మైదా అద్దుతారు కాబట్టి ఆ పేరు, తర్వాత వెన్నలో వేయించి నిమ్మరసం, కాస్త కొత్తిమీర లాంటి ఆకు చల్లుతారు. చేప తాజాదే, తప్పు చెప్పకూడదు. కానీ అరచేయంత కూడా లేదు. అమ్మ రెండుసార్లు తిప్పి చూసి "ఏందిరా, మిగతాది మళ్ళీ తెస్తారా?" అంది.

క్రెమ్ బ్రూలే తెచ్చేసరికి కోపం పోయింది. పైన మాడ్చిన చక్కెర పలకని స్పూనుతో కొడితే టక్కుమని పగిలింది, కింద చల్లటి కస్టర్డ్. ముగ్గురం గిన్నె అడుగు గీకేశాం.

ఇక బిల్లు. మూడు 899లు 2697. చేపకి అదనంగా 250 అంట, మెనూలో చేప పేరు పక్కన చీమంత అక్షరాల్లో ఉంది, చెప్పేటప్పుడు కుర్రాడు నోరు మెదపలేదు. అడక్కుండానే తెరిచి పెట్టిన రెండు నీళ్ళ సీసాలకి 240. వీటి మీద 10 శాతం సర్వీస్ చార్జి. ఇది మన ఇష్టం, కట్టి తీరాలని లేదు. వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే హోటళ్ళు దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదంది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. తీసేయమన్నా. మేనేజర్ మొహం మాడ్చుకుని తీశాడు. 5 శాతం జీఎస్టీతో 3346 కట్టి బయటపడ్డాం.

పోయేవాళ్ళు చికెన్ తీసుకోండి, కూర్చోగానే మామూలు నీళ్ళు అడగండి. రొట్టె, వెన్న ఎన్నిసార్లు అడిగినా ఊరికే ఇస్తారు, వాళ్ళంతట వాళ్ళు మాత్రం తేరు. అమ్మ కడుపు నిండింది దాంతోనే.