బజ్జీ పొట్లంలో ఆధార్ కార్డు: ఫోనుకూ షాపుకూ వేసిన తాళాలు, మూడేళ్ళ తర్వాత

2022 వానాకాలం. సాయంత్రం ఆరింటికి కరెంటు పోతే షాపు ముందు నిలబడి మిరపకాయ బజ్జీలు తింటున్నా. నూనె పీల్చిన కాగితం మీద నుంచి ఒకాయన నన్నే చూస్తున్నాడు. ఫొటో కింద పన్నెండంకెలు, పుట్టినతేదీ, ఇంటి నంబరుతో సహా బోగోలు మండలం అడ్రసు, నూనె పడి ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ కాగితం ఎక్కడిదో వెతకక్కర్లేదు. పొద్దున నా జిరాక్స్ మెషిన్‌లో ఒక పక్క నల్లగా వచ్చిందని తీసి పడేసిన కాపీ. చెడిపోయిన కాపీల కట్టను వారానికోసారి పక్కనున్న బండికి ఇచ్చేవాణ్ణి. బదులుగా ఆయన రెండు బజ్జీలు ఎక్కువ వేసేవాడు.

కావలి ట్రంకురోడ్డు పక్క సందులో నాది జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. కాలేజీ పిల్లలు హాల్‌టికెట్లకు వస్తారు. జువ్వలదిన్నె, తుమ్మలపెంట వైపు నుంచి పడవలవాళ్ళు, రొయ్యల గుంటలవాళ్ళు బ్యాంకు కాగితాలకు వస్తారు. రామాయపట్నం పోర్టు పనులు మొదలయ్యాక బయోడేటాలు పట్టుకొచ్చేవాళ్ళూ పెరిగారు. ఇంతమంది పుట్టుపూర్వోత్తరాలు నా చేతుల మీదుగా పోతుంటే, నేనేమో నా ఫోనుకు ప్యాటర్న్ లాక్ పెట్టుకుని మహా జాగ్రత్తపరుణ్ణని అనుకుంటూ ఉండేవాణ్ణి.

అంతకు కొన్ని వారాల ముందే ఇంట్లో ఇంకో గొడవ అయింది. మా బావమరిది ఏదో లోన్ యాప్‌లో ఐదువేలు తీసుకున్నాడు. వాయిదా రెండు రోజులు దాటేసరికి వాడి ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ కాల్స్ మొదలు. నాకు చేశారు, మా అమ్మకు చేశారు, వాడికి పిల్లనిద్దామని చూస్తున్న ఒంగోలు వాళ్ళకూ చేశారు. ఎందుకిచ్చావురా కాంటాక్ట్స్ అంటే, "అడిగింది, ఇచ్చా. ఇయ్యకపోతే ముందుకు పోనియ్యలా బావా" అన్నాడు. కాంటాక్ట్స్, కాల్ లాగ్, ఫొటోల జోలికి లోన్ యాప్‌లు పోకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది ఆ ఏడాది సెప్టెంబరులో. గూగుల్ తన ప్లే స్టోర్‌లో అదే నిషేధం అమలు చేసింది 2023 మే 31 నుంచి. ఒంగోలు సంబంధం తప్పిపోయింది ఆగస్టులో.

అప్పుడు మొదలుపెట్టిన జాగ్రత్తల్లో నిలిచినవేవో, వదిలేసినవేవో, నాకే ఎదురుతిరిగినవేవో రాస్తున్నా. నేను కంప్యూటర్ చదువు చదివినోణ్ణి కాదు, బీకాం. ఫోన్ పద్నాలుగు వేల మామూలు ఆండ్రాయిడ్.

మొదటి రాత్రి సెట్టింగ్స్‌లో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరిచా. ఆండ్రాయిడ్ 12 నుంచి ఉందిది. గడిచిన ఇరవై నాలుగు గంటల్లో ఏ యాప్ ఎన్నింటికి లొకేషన్ తీసుకుందో, మైకో కెమెరానో వాడిందో టైముతో సహా చూపిస్తుంది. పైనుంచి కిందికి జరుపుతూ పోతే పంచాంగం యాప్ దగ్గర ఆగిపోయా. రాత్రి పన్నెండు దాటాక ఒకసారి, రెండింటికి ఒకసారి, తెల్లవారుజామున మళ్ళీ, నేనెక్కడున్నానో చూసుకుంటోంది. రాహుకాలం లెక్కకు ఊరు కావాలిలే అనుకుందాం. కావలి, నెల్లూరు దాదాపు ఒకే రేఖాంశం మీదున్న ఊళ్ళు, సూర్యోదయానికి నిమిషం తేడా కూడా రాదు. దానికోసం నిద్రపోతున్నోణ్ణి మూడుసార్లు తడిమి చూడాలా?

ఆ రాత్రే అన్ని యాప్‌లకూ లొకేషన్ 'వాడేటప్పుడు మాత్రమే' అని మార్చా. వాటిలోనూ చాలావాటికి కచ్చితమైన చోటు కాకుండా ఉజ్జాయింపు చోటు చాలని పెట్టా. కాంటాక్ట్స్ ఫోన్‌కూ వాట్సాప్‌కూ తప్ప దేనికీ లేవు. మైకు సంగతీ అంతే. మూడేళ్ళలో దీనివల్ల ఆగిపోయిన పని ఒక్కటీ లేదు. ఆటో బుక్ చేసేటప్పుడు మాత్రం ఉజ్జాయింపు లొకేషన్ పనికిరాదు, ఆటో అతను పక్క వీధిలో నిలబడి హారన్ కొడతాడు. ఖర్చు లేదు, కష్టం లేదు, అరగంట పని. ఎవరైనా ఒక్కటే చేస్తానంటే ఇదే చెయ్యమంటా. ప్రకటనల ఐడీ కూడా అక్కడే సెట్టింగ్స్‌లో తీసేయొచ్చు. తీసేశా. ప్రకటనలు తగ్గలేదు, మనకు సంబంధంలేనివి వస్తున్నాయంతే. ట్రాక్టర్ టైర్లు, పెళ్ళికూతుళ్ళు.

ప్రకటనలు తగ్గింది ప్రైవేట్ డీఎన్‌ఎస్‌తో. ఫోన్ ఏ వెబ్‌సైట్‌కు పోవాలన్నా ముందు దాని పేరు చెప్పి అడ్రసు అడగాలి. ఆ అడిగే చోటు మామూలుగా సిమ్ కంపెనీది. సెట్టింగ్స్‌లో దాని బదులు యాడ్‌గార్డ్ వాళ్ళది రాశా. ప్రకటనల కంపెనీల, వెంటపడి లెక్కలు రాసుకునేవాళ్ళ పేర్లు అడిగితే అది అడ్రసు చెప్పదు. దాంతో వార్తల సైట్లు హాయిగా తెరుచుకున్నాయి. యూట్యూబ్ ప్రకటనలు దీనికి లొంగవు, వీడియో వచ్చే చోటినుంచే అవీ వస్తాయి కాబట్టి. అప్పుడప్పుడు ఒక బిల్లు కట్టే పేజీ తెల్లగా నిలబడిపోతుంది. కాసేపు ఆపి, కట్టేసి, మళ్ళీ వెయ్యాలి. నేను వేస్తే మావాడు తీసేసేవాడు. ఎందుకురా అంటే ప్రకటన చూస్తేనే ఆటలో కాయిన్లు ఇస్తారంట, ఇది ఉంటే ప్రకటన రాదంట. తొమ్మిదేళ్ళవాడికి సెట్టింగ్స్‌లో ఆ మూల ఎట్టా దొరికిందో నాకింతవరకూ అర్థంకాలేదు.

వాట్సాప్ లాంటిదే ఇంకో మెసేజ్‌ల యాప్ సిగ్నల్. దాన్ని 2021 జనవరిలో, వాట్సాప్ కొత్త పాలసీ గొడవప్పుడే, అందరితోపాటు వేసుకున్నా. యాప్‌గా వంక పెట్టేదేం లేదు. అందరం వేసుకున్నాం, అందరం గుడ్ మార్నింగులు మాత్రం వాట్సాప్‌లోనే పెట్టుకున్నాం. ఇప్పుడు అందులో నాతో మాట్లాడేది బెంగుళూరులో ఉన్న మా చిన్నాన్న కొడుకొక్కడే. కాబట్టి వాట్సాప్‌లోనే సర్దుకున్నా. మెసేజ్ దారిలో ఎవరూ చదవకుండా తాళం 2016 నుంచే ఉంది. కానీ గూగుల్ డ్రైవ్‌లో దాచే బ్యాకప్‌కు తాళం మనం వేసుకోవాలి, అది చాట్ సెట్టింగ్స్‌లో వేరే ఉంటుంది. ఇంటి తలుపు వేసుకుని పెరటి తలుపు తీసిపెట్టుకున్నట్టు ఏళ్ళ తరబడి ఉన్నానన్నమాట. దానికి పాస్‌వర్డ్ పెట్టా. గ్రూపుల్లో చేర్చే హక్కు నా కాంటాక్ట్స్‌కే పరిమితం చేశా, దాంతో షేర్ల గ్రూపులు, వెంచర్ ప్లాట్ల గ్రూపులు తెల్లారేసరికి మాయం.

పాస్‌వర్డ్‌ల కథ కొంచెం సిగ్గుపడే కథ. మావాడి పేరు, పుట్టిన సంవత్సరం, అన్నిటికీ అదే. షాపు కంప్యూటర్ పక్కన గోడమీద కూడా రాసుంది, సున్నం మీద పెన్సిల్‌తో. ఇప్పుడు పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే బిట్‌వార్డెన్ యాప్ వాడుతున్నా, ఉచితంగా వచ్చేదే చాలు. ఒక్క పెద్ద పాస్‌వర్డ్ గుర్తుంటే మిగతావన్నీ అదే పుట్టించి దాచుకుంటుంది. మొదటి ఏడాది నేనే ఒక తెలివితక్కువ పని చేశా. పెద్ద పాస్‌వర్డ్ మార్చి, సంక్రాంతికి నాలుగు రోజులు షాపు మూసి వచ్చేసరికి మర్చిపోయా. ఆ పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గర కూడా ఉండదు, అందుకే ఎవరూ తిరిగి ఇవ్వలేరు. నలభై అకౌంట్లు ఒక్కొక్కటే ఓటీపీలతో తెరుచుకునేసరికి వారం పట్టింది. ఈసారి మా నాయనమ్మ సామెత ఒకటి, ఊళ్ళో ఎవరూ వాడనిది, ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పెట్టుకున్నా. కాగితం బీరువాలో పట్టుచీరల కింద ఉంది. మా ఆవిడకు తెలుసు.

ఆధార్ దగ్గర ఎక్కువసేపు ఆగుతా, మా షాపు బతికేది దానిమీదే. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగుళూరు ఆఫీసు, జిరాక్స్‌లు ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వొద్దు, మాస్క్‌డ్ ఆధార్ వాడండి అని ప్రకటించింది. 29న ఆ ప్రకటనను వెనక్కి తీసుకున్నారు. ఆ రెండ్రోజులూ షాపులో ఇదే చర్చ, తర్వాత అందరూ మర్చిపోయారు. మాస్క్‌డ్ కాపీ మాత్రం ఇప్పటికీ సైట్‌లో దొరుకుతుంది. మొదటి ఎనిమిది అంకెల చోట గుర్తులుంటాయి, చివరి నాలుగే కనిపిస్తాయి. మూడేళ్ళుగా నాకు వీలైనచోటల్లా అదే ఇస్తున్నా. లాడ్జీల్లో పేచీ లేదు. ఒక ఫైనాన్స్ ఆఫీసులో మాత్రం "ఇదేంది సార్, చింపేసిన నోటు మాదిరి, నంబర్ కనపడాల" అని తిప్పి పంపారు.

ఆధార్‌లోని వేలిముద్రలకు వేసే తాళం ఇంకా గట్టిది. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలు చూసి నకిలీలు చేశాడని పేపర్లో చదివిన దగ్గర్నుంచి నాకది బుర్రలో తిరుగుతూ ఉండేది. అట్టాంటి నకిలీ వేలితో, ఓటీపీ లేకుండా, ఆధార్‌కు కలిపిన ఖాతాలో డబ్బు తియ్యొచ్చు. ఆధార్ సంస్థ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేస్తే ఆ దారి మూసుకుంటుంది. నాకు వేశా. ఉత్సాహం ఆగక అమ్మకు కూడా వేశా, ఆమె ఆధార్‌కు ఉన్నది నా నంబరే.

తర్వాత ఒకటో తారీఖు. పొద్దున్నే సచివాలయం అమ్మాయి పెన్షన్ ఇవ్వడానికి ఇంటికొచ్చింది. అమ్మ బొటనవేలు పెట్టింది, తీసుకోలేదు. చెంగుతో తుడుచుకుని పెట్టింది. చూపుడువేలు పెట్టింది. ఆ అమ్మాయి పాపం తడిగుడ్డ తెప్పించి, "అవ్వా, గట్టిగా అదమండి" అంటూ పది వేళ్ళూ అయిపోగొట్టింది. వీధిలో ఇంకా ఇరవై ఇళ్ళున్నాయామెకు. నేను షాపులో ఫొటోస్టాట్ రద్దీలో ఉన్నా, ఫోన్ సైలెంట్‌లో ఉంది. చివరికి మావాడు సైకిలేసుకుని వచ్చి చెబితే కాసేపటికి తాళం తీశా. అమ్మ నాలుగువేలు చేతిలో పట్టుకుని, "దొంగలకు తాళం వేస్తావో, నాకే వేస్తావో ముందు తేల్చుకో నాయనా" అంది. అమ్మకు తీసేశా. నాది ఇప్పటికీ అట్టనే ఉంది. రేషన్, పెన్షన్ వేలిముద్రతో తీసుకునే పెద్దవాళ్ళకు దీన్ని వెయ్యొద్దు, వేస్తే తీసేవాళ్ళు పక్కనే ఉండాలి.

టెలికాం శాఖ సైట్ సంచార్ సాథీలో నా పేరుమీద ఎన్ని సిమ్‌లున్నాయో చూస్తే నాలుగు కనిపించాయి. నాకు తెలిసినవి మూడే. నాలుగోది నాది కాదని నొక్కితే కొన్ని వారాలకు జాబితాలోంచి పోయింది. ఒకరి పేరు మీద తొమ్మిది దాకా ఉండొచ్చు కాబట్టి, ఒకటి ఎక్కువున్నా మనకు తెలిసే అవకాశం లేదు.

ఓడిపోయిన చోటు ఒకటుంది, ఫోన్ నంబరు. దుకాణాల్లో బిల్లుకు నంబరు అడిగి బలవంతపెట్టకూడదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ చెప్పింది. నెల్లూరులో ఒక బట్టల షాపులో అదే మాట అన్నా. "నంబర్ కొట్టకపోతే బిల్లు రాదు సార్, మా సిస్టమ్ అంతే" అంది కౌంటర్‌లో అమ్మాయి. ఫోన్ లేదమ్మా అన్నా. సరిగ్గా అప్పుడే జేబులో మోగింది. వెనక లైన్‌లో ఉన్నాయన గట్టిగా నవ్వాడు. చెప్పేశా. ఆషాఢం వస్తే చాలు, ఆ షాపు నన్ను తలుచుకుంటూనే ఉంటుంది.

ఇక షాపు. బజ్జీ తిన్న రాత్రే కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూశా. ఆధార్‌లు, పాన్ కార్డులు, పాస్‌బుక్ మొదటి పేజీలు, కుల ధ్రువీకరణలు, ఒకరి డిశ్చార్జ్ సమ్మరీ. కిందికి జరుపుతుంటే అయిపోవడంలేదు. బ్రౌజర్‌లో ఎవరో పిల్ల వాట్సాప్ వెబ్ పెట్టి, హాల్‌టికెట్ ప్రింట్ తీసుకుని, లాగౌట్ అవకుండా పోయింది. చాట్లన్నీ ఎదురుగా ఉన్నాయి. కళ్ళు పక్కకు తిప్పుకుని మూసేశా, కానీ ఆ రోజంతా ఆ కుర్చీలో ఎంతమంది కూర్చున్నారు!

ఇప్పుడు కస్టమర్లకు ఇచ్చే బ్రౌజర్ గెస్ట్ విండోలోనే తెరుచుకుంటుంది, మూస్తే అన్నీ పోతాయి. డౌన్‌లోడ్స్ రోజూ షట్టర్ దించేముందు ఖాళీ చేస్తా. షాపు వాట్సాప్ నంబరుకు వచ్చేవి ఇరవై నాలుగు గంటల్లో వాటంతటవే చెరిగిపోయేట్టు పెట్టా. ఇందులో ఒక మెలిక ఉంది, నాకు ఆర్నెల్లకు తెలిసింది. మెసేజ్ చెరిగిపోయినా అంతకుముందే గ్యాలరీలోకి దిగిన ఫొటో చెరగదు. మీడియా గ్యాలరీలో కనిపించే సెట్టింగ్ కూడా ఆపాలి. 2025 జూన్‌లో తల్లికి వందనం పథకం రద్దీలో షాపు కిటకిటలాడుతుంటే ఒకామె, "నిన్న పంపినాను కదన్నా, నీ దగ్గర ఉంటది చూడు" అంది. లేదమ్మా, చెరిగిపోయింది, మళ్ళీ పంపు అన్నా. "ఏం షాపు నీది, పక్క షాపాయన దగ్గర మూడేళ్ళ నాటివి కూడా ఉంటాయి" అని లేచిపోయింది. అట్టా పోయిన గిరాకీ కొంత ఉంది, దాచను. డిజిటల్ వివరాలకు 2023లో చట్టం వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంప్యూటర్‌లోకి ఎక్కని ఉత్త కాగితం ఆ చట్టం కిందికి రాదు. అంటే ఆ రోజు నేను తిన్న పొట్లానికి ఇప్పటికీ నేనే పూచీ.

చెడిపోయిన కాపీలకు కాగితాలు ముక్కలు చేసే మిషన్ కొన్నా, మూడువేల రెండొందలు. పైన చెప్పినవాటిలో డబ్బు పెట్టింది దీనికొక్కదానికే. పోటీపరీక్షల పిల్లల నోట్సు కాపీల్లాంటి అడ్రసుల్లేని కాగితాలు మాత్రం ఇప్పటికీ బజ్జీల బండికే పోతాయి. మిషన్‌లో ఒకేసారి ఐదు కాగితాలకు మించి పెట్టకూడదు, పిన్నులు తప్పకుండా పీకెయ్యాలి. పిన్ను ఇరుక్కుని ఇప్పటికి రెండుసార్లు విప్పించా, రెండుసార్లూ మా పనికుర్రాడి మీద అరిచా, రెండోసారి వేసింది నేనే.