సిస్టమ్ పడిపోయినా ఫైలు మిగిలింది: ఓబీఎస్ మీద నా మాట

కంప్యూటర్ తెర మీద జరిగేదాన్ని రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో గురించి ఎవరు రాసినా ఉచితమనీ, ఓపెన్ సోర్స్ అనీ, వాటర్‌మార్క్ పడదనీ మొదలుపెడతారు. అవన్నీ నిజమే, అందరికీ తెలిసినవే. నేను దాన్ని వదలకుండా వాడుతున్నది మాత్రం ఒకే ఒక్క కారణంతో. రికార్డింగ్ మధ్యలో కంప్యూటర్ కుప్పకూలినా, అప్పటిదాకా తీసిన వీడియో చేతికొస్తుంది. చిన్న చిన్న క్లిప్పులు తీసుకునేవాళ్లకు ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. గంటల తరబడి ఆడి, ఆ మొత్తాన్నీ దాచుకునేవాళ్లకు ఇంతకంటే పెద్ద విషయం ఇంకోటి లేదు.

నేను ఆడేవి ఎక్కువగా నగరాలు, ఫ్యాక్టరీలు కట్టే గేములు. మా తమ్ముడు వేరే ఊళ్లో ఉంటాడు. సెలవు రోజుల్లో ఇద్దరం ఆన్‌లైన్‌లో ఒకే మ్యాప్ మీద కూర్చుంటాం. ఇలాంటి ఆటల్లో హైలైట్ అని చెప్పుకునే క్షణం ప్రత్యేకంగా ఉండదు. మూడో గంటలో రైళ్లన్నీ ఎందుకు జామ్ అయ్యాయో తెలియాలంటే, మొదటి గంటలో ఆ జంక్షన్ ఎలా వేశామో వెనక్కి వెళ్లి చూడాలి. పైగా ఆ మాటలూ, పోట్లాటలూ, ఏదో ఒకటి పనిచేసినప్పుడు వాడు వేసే కేకలూ మళ్లీ దొరకవు. కాబట్టి మాకు కావాల్సింది మొదటి నుంచి చివరి దాకా ఉండే రికార్డింగే.

ఓబీఎస్‌కి ముందు డబ్బు కట్టి వేరే సాఫ్ట్‌వేర్ ఒకటి వాడేదాన్ని. పేరు అనవసరం. మంచి పేరున్నదే. ఒక్క బటన్ నొక్కితే పని మొదలయ్యేది, ఆట ఏమాత్రం నెమ్మదించేది కాదు. ఎన్ని గంటలైనా రికార్డు చేసుకోవచ్చని వాళ్లే రాసుకున్నారు కూడా.

ఆ రోజు మా ఆట నాలుగో గంటలోకి వచ్చింది. పెద్ద విద్యుత్ కేంద్రం పూర్తిచేసి, స్విచ్ వేసే ఘట్టం. తమ్ముడు లెక్కపెడుతున్నాడు. ఉన్నట్టుండి తెర బిగుసుకుపోయింది, హెడ్‌ఫోన్స్‌లో ఒకటే గీమనే చప్పుడు, ఆ వెంటనే బ్లూ స్క్రీన్. సిస్టమ్ మళ్లీ లేచాక గేమ్ తెరిస్తే ఆటోసేవ్ భద్రంగా ఉంది. "ఏం కాలేదులే అక్కా, ఐదు నిమిషాల ఆటేగా పోయింది" అన్నాడు వాడు. రికార్డింగ్ ఫోల్డర్ తెరిచాను. ఫైలు అక్కడే ఉంది. సైజు చూస్తే నాలుగు గంటల బరువూ ఉంది. బొమ్మ ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ తెల్ల ఐకాన్. డబుల్ క్లిక్ చేస్తే ప్లేయర్ తెరుచుకుని, ఈ ఫైలు ఆడించడం కుదరదంది. ఇంకో ప్లేయర్‌తో ప్రయత్నించినా అదే మాట. రిపేర్ టూల్ ఒకటి తెచ్చి రాత్రంతా నడిపితే బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చింది, గొంతులు ఎక్కడికక్కడ జారిపోయాయి. కంపెనీకి రాస్తే, రికార్డింగ్ సరిగా ముగియలేదు కాబట్టి ఏమీ చేయలేమని జవాబొచ్చింది.

నా కోపం ఆ జవాబు మీదే. సిస్టమ్ ఎప్పుడైనా ఆగిపోవచ్చని గేమ్ తయారుచేసినవాళ్లు ముందే ఊహించి ఆటోసేవ్ పెట్టారు. గంటల రికార్డింగ్ కోసమే సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నవాళ్లకు ఆ ఊహే లేకపోయింది.

అసలు సంగతి ఫైలు ఫార్మాట్‌లో ఉంది. మామూలు ఎంపీ4లో వీడియో డేటా ఎప్పటికప్పుడు డిస్క్ మీదకి వెళ్తూనే ఉంటుంది. కానీ ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే పట్టికను మీరు స్టాప్ నొక్కిన తర్వాతే రాస్తుంది. పుస్తకమంతా పేజీ నంబర్లు లేకుండా అచ్చువేసి, విషయసూచికను ఆఖరి రోజుకి వాయిదా వేసుకున్నట్టు. ఆ ఆఖరి రోజు రాకపోతే కాగితాలన్నీ ఉన్నా చదవలేం. ఎంకేవీ అనే ఇంకో ఫార్మాట్ అలా కాదు. కొంచెం కొంచెం డేటాను ఒక కట్టగా కట్టి, ఏ కట్ట ఏ సమయానిదో అక్కడికక్కడే రాసుకుంటూ పోతుంది. ఎక్కడ ఆగితే అక్కడి దాకా చదువుకోవచ్చు. ఓబీఎస్‌లో ఎంకేవీని ఎంచుకోవచ్చనీ, మామూలు ఎంపీ4 ఎంచుకుంటే ఇలా పోయే ప్రమాదముందని అది అక్కడే హెచ్చరిస్తుందనీ తెలిసిన రోజే మారిపోయాను.

మారిన కొన్నాళ్లకే మళ్లీ అదే బ్లూ స్క్రీన్. (తప్పు ర్యామ్‌దని తర్వాత తేలింది.) ఈసారి ఫోల్డర్ తెరవడానికే టెన్షన్. ఓబీఎస్ తెరిస్తే, కిందటిసారి సరిగా మూతపడలేదు, సేఫ్ మోడ్‌లో తెరవమంటారా అని అడిగింది. నేను వద్దని, నేరుగా ఫైలు నొక్కాను. ఆడింది! కాకపోతే మొత్తం నిడివి చూపించలేదు, ముందుకి జరుపుదామని బార్ లాగితే కదల్లేదు. గుండె మళ్లీ ఝల్లుమంది. ఫైల్ మెనూలో రీమక్స్ అని ఒకటి ఉంటుంది, ఆ ఫైలుని దానికిచ్చాను. అది వీడియోని మళ్లీ ఎన్‌కోడ్ చేయదు, అంటే కొత్తగా కుదించదు, ఉన్న డేటాను ఉన్నట్టే తీసి ఎంపీ4 డబ్బాలో సర్దుతుంది. అందుకే తొందరగా అయిపోతుంది, నాణ్యతా తగ్గదు. కొత్త ఫైలులో నిడివి వచ్చింది, ఎక్కడికి కావాలంటే అక్కడికి జరిగింది. చివర్లో తమ్ముడు "అక్కా, ఆ బ్రిడ్జి..." అంటుండగా తెగిపోయింది. ఆ కొన్ని సెకన్లు తప్ప అంతా ఉంది. వాడికి పంపితే నమ్మలేదు.

అలాగని ఎంకేవీ పెట్టేసి నిశ్చింతగా కూర్చోవచ్చని చెప్పను. అది కాపాడేది మధ్యలో ఆగిపోవడం నుంచి మాత్రమే. డిస్కే చెడిపోతే ఏ ఫార్మాటూ ఏమీ చేయలేదు. ఆట బొమ్మని పట్టే ఓబీఎస్ గేమ్ క్యాప్చర్ తప్పు విండోని పట్టుకుని నల్లతెర తీస్తుంటే, ఆ నల్లతెరనే గంటల తరబడి భద్రంగా దాచిపెడుతుంది. అందుకే ఆట మొదలుపెట్టే ముందు అర నిమిషం రికార్డు చేసి, బొమ్మా రెండు గొంతులూ వస్తున్నాయో లేదో చూసుకోవడం అలవాటైంది.

స్థలం సంగతి ఇంకా ముఖ్యం. సెకనుకి 40 మెగాబిట్ల లెక్కన తీస్తే గంటకి 18 జీబీ అవుతుంది. నాలుగు గంటలకి 72. రీమక్స్ చేస్తే పాత ఫైలు అలాగే ఉండి పక్కన ఇంకో 72 కావాలి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకు ఎంకేవీ నచ్చదు, అప్పుడు ఈ రీమక్స్ తప్పదు. నేను ప్రత్యేకంగా ఒక డిస్క్ పెట్టుకున్నాను కాబట్టి సరిపోతోంది. స్టాట్స్ విండోలో, ఈ వేగంతో పోతే డిస్క్ ఎంతసేపట్లో నిండుతుందో ఉజ్జాయింపుగా చూపిస్తుంది. ఎవరూ పట్టించుకోని ఆ చిన్న లైన్‌ని నేను మాత్రం ప్రతిసారీ చూస్తాను.

2024లో ఓబీఎస్ 30.2 వెర్షన్‌తో హైబ్రిడ్ ఎంపీ4 అని ఇంకో ఫార్మాట్ వచ్చింది. నడుస్తున్నంతసేపూ ముక్కలు ముక్కలుగా రాసుకుంటూ పోయి, చివర్లో మామూలు ఎంపీ4గా ముగిస్తుంది. మధ్యలో ఆగినా ఫైలు పోదు, రీమక్స్ బాధా ఉండదు. ఆట మధ్యలో ఒక కీ నొక్కి చాప్టర్ గుర్తు పెట్టుకునే వీలు కూడా ఉంది. గంటల వీడియోలో ఆ జంక్షన్ ఎక్కడుందా అని వెతుక్కునే నాలాంటివాళ్లకు ఇది గట్టి ఆశ. అయినా ఎంకేవీ నా చేతుల్లోనే ఒకసారి నిలబడి చూపించింది కాబట్టి, పెద్ద ఆటలకి ఇప్పటికీ దాన్నే వాడుతున్నాను.

ఆడియో గురించి ఒక్క ముక్క. ఆరు ట్రాకుల దాకా విడివిడిగా పెట్టుకోవచ్చు. నా గొంతు ఒకదాంట్లో, తమ్ముడిది ఒకదాంట్లో, గేమ్ శబ్దం ఇంకోదాంట్లో పెట్టాను. మొదటి ట్రాక్‌లో మాత్రం అన్నీ కలిపే ఉంచండి. మామూలు ప్లేయర్లు ఒకసారికి ఒక ట్రాకే వినిపిస్తాయి, అదీ ఎక్కువగా మొదటిదే.

అందరికీ ఇదే సరైనదని అనలేను. నా గ్రాఫిక్స్ కార్డులో వీడియోని కుదించే పనికే విడిగా ఎన్‌కోడర్ ఉంది కాబట్టి రికార్డింగ్ భారం ప్రాసెసర్ మీద పడదు. ఫ్యాక్టరీ గేములు అసలే ప్రాసెసర్‌ని పిండేస్తాయి. హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ లేని పాత లాప్‌టాప్‌లో ఈ రెండూ కలిసి నడవడం కష్టం. సెట్టింగులు కూడా మొదట్లో బెదరగొడతాయి. మా తమ్ముడైతే విండోస్‌తో వచ్చే గేమ్ బార్‌తోనే సరిపెట్టుకుంటున్నాడు. వాడికి కావాల్సింది ఏదైనా జరిగాక అంతకుముందు ఒకట్రెండు నిమిషాలే. దాంట్లో ఒక రికార్డింగ్ నాలుగు గంటలు మించకూడదన్న హద్దు వాడికి అడ్డే కాదు. నాకు అడ్డు. బ్యాండీక్యామ్ అనే ఇంకో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో ఆ హద్దు పది నిమిషాలే కాబట్టి కొనకుండా దాని జోలికి వెళ్లే పని లేదు.

మీరు ఇప్పటికే ఏదో ఒకటి వాడుతూ తృప్తిగా ఉంటే, మార్చే ముందు దాన్నే ఒకసారి పరీక్షించండి. రెండు నిమిషాలు రికార్డు చేస్తూ, టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి ఆ సాఫ్ట్‌వేర్‌ని బలవంతంగా మూసేయండి. ఆ ఫైలు తెరుచుకుంటే దాన్నే ఉంచుకోండి. తెరుచుకోకపోతే తర్వాతి పెద్ద ఆటకి ముందే ఎంకేవీకో, హైబ్రిడ్ ఎంపీ4కో మారండి.