రోజూ పెట్టుకునే ఉంగరానికి ఏ ఫిరోజా మేలు?

ఫిరోజా (ఇంగ్లీషులో టర్కాయిస్) కొనేవాళ్లు మొదట అడిగేది "ఇరానీదేనా?" అని. అడగడంలో తప్పేం లేదు. ఇరాన్‌లోని నిషాపూర్ దగ్గర ఈ రాయిని రెండు వేల ఏళ్లకు పైగా తవ్వుతున్నారు. గీతా మచ్చా లేని నిండు ఆకాశనీలం అక్కడి మేలురకం లక్షణం. దానికి దీటైన నీలం అమెరికాలో అరిజోనాలోని స్లీపింగ్ బ్యూటీ గనిలోనూ దొరికేది. 2012లో అక్కడ ఫిరోజా తీయడం ఆపేశారు కాబట్టి, ఇప్పుడు ఆ పేరుతో అమ్మేది పాత సరుకై ఉండాలి. రెండూ పక్కపక్కన పెడితే ఏది ఎక్కడిదో కంటితో తేల్చడం కష్టం.

నన్నడిగితే దేశం కంటే ముందు అడగాల్సింది "రాయికి రెసిన్ పట్టించారా?" అని, అంటే గట్టిపడే జిగురులాంటి ప్లాస్టిక్‌ను రాయిలోకి ఎక్కించారా అని. ఫిరోజా అంటే రాగి, అల్యూమినియం, ఫాస్ఫేట్, నీరు కలిసిన ఖనిజం. నీలం రాగి వల్ల వస్తుంది, ఇనుము చేరితే పచ్చదనం వస్తుంది. గట్టిదనం మోస్ స్కేలు (ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే కొలత) మీద 5 నుంచి 6 మాత్రమే. మామూలు ఇసుక రేణువు 7 ఉంటుంది, అంటే దుమ్ము తుడిచినా గీత పడొచ్చు. పైగా సన్నని రంధ్రాలుంటాయి. చెమట, కొబ్బరినూనె, సెంటు పీల్చుకుని నీలం కాస్తా మెల్లగా పచ్చబడుతుంది. పసుపు, నూనె చేతులతో వంట చేసేవాళ్ల వేలికి సహజమైన నిషాపూర్ రాయి పెడితే దాన్ని పాడుచేసుకున్నట్టే. లాకెట్‌కో, చెవిదిద్దులకో అయితే నిక్షేపంగా కొనండి.

రోజువారీ ఉంగరానికి రెసిన్ పట్టించి ఆ రంధ్రాలు పూడ్చిన రాయే మేలు. అరిజోనాదైనా, చైనాలోని హుబేదైనా పర్లేదు. హుబే రాళ్ల మీద నల్లటి సాలెగూడు గీతలు కనిపిస్తాయి, నాకైతే అవే అందం. అయితే రెసిన్ రాయికి సహజ రాయి ధర ఇవ్వకూడదు.

వీటన్నిటి మధ్య ఫిరోజా పేరుతో తిరిగేది హౌలైట్. తెల్లరాయికి నీలం రంగు అద్దుతారు. ఎసిటోన్‌లో ముంచిన దూదితో రాయి వెనకవైపు రుద్దితే చాలాసార్లు దూది నీలమవుతుంది. రంగు రాలేదని మాత్రం అసలుదని తేలిపోదు, పైన మైనమో రెసినో ఉండొచ్చు.

అన్నట్టు, ఫిరోజా నవరత్నాల్లో లేదు. గ్రహం పేరు చెప్పి ధర పెంచితే పట్టించుకోకండి. సహజమా, రెసిన్ పట్టించిందా అన్నది బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే హౌలైట్ ధరకు మించి ఇవ్వకండి.