పూలకుండీలా, జిల్లేడా?

బెంగళూరు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ అపార్టుమెంట్లలో మనవాళ్లు సీతాకోకచిలుకల కోసమని బాల్కనీ నిండా బంతి, లాంటానా పెడుతున్నారు. (లాంటానా మాత్రం వద్దు, అడవుల్ని ఆక్రమిస్తున్న మొక్క అది.) తేనె కోసం ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక వచ్చి వాలుతుంది: నారింజ రెక్కలు, నల్లటి కొసలు, వాటిలో తెల్లటి మచ్చలు. తాగి వెళ్లిపోతుంది. కుండీల సాయం అంతవరకే.

ఖాళీ సైటులో ఎవరూ నాటని జిల్లేడు సంగతి వేరు. ఆడ టైగర్ దాని ఆకుల మీద గుడ్లు విడివిడిగా పెడుతుంది. ఆకు తిప్పి చూడండి: నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగు, ఒంటిమీద కొమ్ముల్లాంటి 3 జతల నల్లటి పోగులు. జిల్లేడు పాలలోని విషాన్ని అది ఒంట్లో దాచుకుంటుంది. రెక్కలొచ్చాక కూడా ఆ చేదే కాపాడుతుంది, రుచి చూసిన పిట్ట మళ్లీ జోలికి రాదు. ఆ ధైర్యంతోనే డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో సీతాకోకచిలుకలో ఆడది అచ్చం దీనిలాగే ఉంటుంది. దాని పురుగులకు మాత్రం మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర కావాలి.

కుండీలు చూడ్డానికి అందం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, పిల్లలున్నచోట జాగ్రత్త తప్పదు. అయినా ఒకటే ఎంచుకోమంటే నేను జిల్లేడే అంటాను. తేనె ఇంకోచోటా దొరుకుతుంది, కానీ టైగర్ పురుగు బంతి ఆకు తిని బతకలేదు. 2006లో తెరిచిన బన్నేరుఘట్ట సీతాకోకచిలుకల పార్కులోనూ పూలతోపాటు పురుగులు తినే మొక్కలు పెంచుతారు.

రథసప్తమికి ఆకులు కోసేటప్పుడు గుడ్లున్నవి వదిలేయండి. సైటు శుభ్రం చేయించే అసోసియేషన్‌వాళ్లకు ఆ పొద నరకొద్దని ముందే చెప్పండి.